తోడిన నీళ్ళు

మీరావలికి తెల్లారితే పేపరు చదివే అలవాటు లేదు. చెలిమలు చూసే అలవాటు ఉండాది. కోడి కూసే యాళకు లేసి, మొగం మీద ఇన్ని నీళ్ళు చల్లుకొని, పెండ్లాం మేరాజ్ బీ ఇచ్చిన టీ నిలబడే తాగి, చేతికర్ర పట్టుకొని హగరిలోకి దిగుతాడు. హగరి అంటే ఏరే గానీ, ఎండాకాలంలో అది నీళ్ళుండే ఏరు కాదు. కనుచూపు మేర ఇసక. ఆ ఇసకలో ఆడొకటి ఈడొకటి గుంతలు. కొన్ని మనుషులు తవ్వినవి, కొన్ని నక్కలు తవ్వినవి. గుంత అడుగున చెంబుకో బిందెకో సరిపోయేన్ని నీళ్ళు ఊరి ఉంటాయి. వాటినే చెలిమలంటారు.

ఆ చెలిమలకు ఒక గుణం ఉండాది. వంగి చూస్తే మన మొగం కనపడదు. మనకన్నా ముందర ఆడ నీళ్ళు తాగినోళ్ళ మొగం కనపడుతుంది. నక్క తాగి పోయింటే నక్క, జింక తాగి పోయింటే జింక. ఇంగొకరు వచ్చి తాగేదాకా ఆ మొగం అట్లనే నిలిచి ఉంటుంది. ఇది వింత అని ఆ పక్క ఎవురూ అనుకోరు. కొత్త కోడలు కాపురానికి వస్తే రేషన్ అంగడి యాడుందో చెప్పినట్ల ఈ సంగతి గూడా చెప్తారు, అంతే.

నీళ్ళు ఏ పాత్రలోకి పోతే మొగమూ దాని వెంబడే పోతుంది. ఒకసారి మేరాజ్ బీ టీకి నీళ్ళు ముంచబోతే బిందెలోంచి నక్క చూసింది. "పొద్దున్నే నక్క మొగం చూసినా. ఈ పొద్దు మనకు ఏదో కలిసొస్తాది," అనింది. ఆ పొద్దు సాయంత్రం దాకా కరెంటు పోలేదు. అంతకు మించి ఏమీ కలిసి రాలేదు.

మీరావలి ఏటి ఒడ్డున ఉండే ఇసకబీడుకు వాచరు. బీడు అంటే ఊరికే పారేసిన నేల అనుకునేరు. అది గడ్డి నేల, కర్ణాటక హద్దు దాకా పరుచుకోని ఉండాది. దాన్ని రక్షిత వనం అని బోర్డు పెట్టి కాపాడేది బట్టమేక పిట్ట కోసరం. పేరులో మేక ఉన్నా మేకకూ దానికీ ఏ బంధుత్వమూ లేదు. నిలబడితే మనిషి నడుము దాకా వచ్చే పిట్ట. తెల్లని పొడుగు మెడ, నెత్తిన నల్ల టోపీ. అది నడిచేది చూస్తే ఊరి పెద్దాయన ఎవురో పంచాయితీ చెప్పను పోతాండాడేమో అనిపిస్తుంది.

మూడేండ్ల కిందట మీరావలి దాన్ని కండ్లారా చూసినాడు. సంతోషం పట్టలేక అప్పటికప్పుడు ఆఫీసుకు ఫోన్ చేసి, "సార్, బీడులో బట్టమేక కనిపించింది," అన్నాడు. ఫోన్ ఎత్తినాయప్ప కొత్తగా వచ్చినోడు. పిట్టల పేర్లు తెలవవు, పైగా సిగ్నల్ సగం మాట మింగేసింది. బీడులో మేక కనిపించిందని రాసుకున్నాడు. వారం తిరక్కుండానే మీరావలికి మెమో వచ్చింది, రక్షిత వనంలోకి మేకల్ని ఎట్ల వదిలినావు, సంజాయిషీ ఇవ్వు అని. అప్పటి నుంచి ఊర్లో ఆయప్పకు మేకల మీరావలి అని పేరు పడింది. పిట్ట మాత్రం మళ్ళా ఎవురికీ కనపడలేదు. అయినా మీరావలి పొద్దున్నే చెలిమలు చూసేది మానలేదు.

ఇప్పుడు ఎగతాళి కాదు, అసలుకే ఎసరు వచ్చింది. హగరి పరీవాహకంలో ఉండే రక్షిత వనాలన్నీ ఎట్లుండాయో తేల్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గడ్డి, మన్ను, నీళ్ళు, జంతువులు అన్నీ పరీక్ష చేసి ఒక్కో వనానికి పచ్చ గుర్తో, పసుపు గుర్తో, ఎర్ర గుర్తో వేస్తారు. ఎర్ర గుర్తు పడిందంటే బోర్డు పీకేస్తారు, బీడు నిండా సోలార్ పలకలు పరుస్తారు. ఏ పిట్ట కోసం కాపుదల పెట్టినారో ఆ పిట్టే లేకపోయె, ఇసకబీడుకు ఎర్ర గుర్తు ఖాయమని కణేకల్లో టీ అంగళ్ళ కాడ గూడా చెప్పుకుంటాండారు. మీరావలి అల్లుడు కలీముల్లా బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటు గేటు కాడ సెక్యూరిటీ పని చేస్తాడు. "మామా, ఈడికి వచ్చెయ్. పక్క గేటు ఖాళీగా ఉండాది," అని ఫోన్ చేసి, నీలం చొక్కా గూడా పంపించినాడు. ఆ చొక్కా ఇంట్లో మేకుకు వేలాడతాండాది. మీరావలి దాని పక్క చూడకుండా తలకాయ తిప్పుకోని పోతాంటాడు. ఎర్ర గుర్తు పడితే దాన్ని తొడుక్కోక తప్పదని ఆయప్పకు తెలుసు.

పరీక్షకు వచ్చింది సువార్త మేడం. బుక్కరాయసముద్రం మనిషి. వాళ్ళమ్మ చెరువు కింద మళ్ళల్లో నాట్లకు పోయి చదివించిందంట. మీరావలి మొదట పెద్దగా ఆశ పెట్టుకోలేదు. ఇట్లా వచ్చినోళ్ళను శానామందిని చూసినాడు. జీపు అద్దంలోంచి బీడును చూసి, అబ్బా ఏం ఎండప్పా అని తిరుక్కోని పోయినోళ్ళే ఎక్కువ.

ఈయమ్మ అట్ల కాదు. వచ్చిన పొద్దే చెప్పులు విడిచి గడ్డిలో నడిచింది. నేల మీద ఒక చెక్క చట్రం పెట్టి, దాని ముందర బోర్లా పడుకోని, ఒక్కో గడ్డి పోచనూ వేలితో విడదీసి చూసింది. "పైన ఎండినా కింద మొదలు పచ్చిగానే ఉండాది మీరావలన్నా. ఒక్క వాన పడితే లేస్తాది," అనింది. జింక పెంటికలు చేత్తో చిదిమి వాసన చూసింది. సీమజాలి కంప యాడెంత దూరం జొరబడిందో తాడు పట్టి కొలిచింది. మిడత ఎగిరితే అది ఏ రకమో చెప్పింది. కౌజుపిట్ట కూస్తే అది జత కోసం కూసిందా, భయంతో కూసిందా అనేది చెప్పింది. చెప్పి, "అంతేనా అన్నా?" అని మీరావలిని అడిగేది. అన్నేండ్లు ఆ బీడులో తిరిగిన మీరావలి గూడా ఆ గడ్డిని బోర్లా పడుకోని ఎప్పుడూ చూల్లేదు. ఒక మధ్యాన్నం ఎవురూ లేనప్పుడు తనూ పడుకోని చూసినాడు. చీమలకు అది పెద్ద అడవి.

"చదువుకున్నోళ్ళను ఎంతమందిని చూల్లేదు. చదువంటే ఈయమ్మది," అని మేరాజ్ బీ తో అన్నాడు.

"ముందర ఆ బిడ్డను కడుపు నిండా తిననీ. తినేటప్పుడు గూడా గడ్డి ముచ్చటేనా," అని మేరాజ్ బీ కసురుకోని, సువార్త తట్టలో ఇంగో జొన్నరొట్టె వేసింది. సువార్త మకాం వాళ్ళింట్లోనే.

రొట్టె తింటా తింటా మీరావలి మనసులో మాట బయట పెట్టినాడు. "మేడం, మూడేండ్ల కిందట నేను చూసింది మేక గాదు."

"నాకు తెలుసన్నా. మేకను చూసి ఎవురన్నా ఆఫీసుకు ఫోన్ చేస్తారా?"

మూడేండ్లలో ఆ మాట అన్న మనిషి ఈయమ్మ ఒక్కతే. మీరావలి చేతిలో రొట్టె తట్టలో పెట్టేసినాడు. నీళ్ళు తాగి, "అయితే పిట్ట ఉండాదని రాయండి," అన్నాడు.

"రాయను," అనింది సువార్త. "నేను చూల్లేదు గదా. నువ్వు చెప్పింది నేను నమ్ముతా. నమ్మిందంతా రాస్తే అది పరీక్ష కాదు, సిఫారసు అయితాది. చెలిమలో మొగం కనపడినా సరే, పిట్ట ఉన్నట్లే లెక్క. అయితే ఇద్దరం చూడల్ల. నేనొకదాన్ని, రేంజరు గంగాధరప్ప సారు ఒకరు. అది రూలు. ఫోటో తీసి చూపిస్తామంటే ఫోన్లో ఆకాశం తప్ప ఏమీ పడదు."

ఆ కచ్చితానికి మీరావలికి కష్టం తోచింది. కాసేపుండి, ఈ మనిషి రాసే మాటకు విలువ ఉండేది ఇందుకే గదా అని గూడా తోచింది.

రోజులు గడిచినాయి. చెలిమల్లో నక్కలు కనిపించినాయి, జింకలు కనిపించినాయి, ఒకదాంట్లో ముసలి తోడేలు కనిపించింది. పిట్ట మాత్రం లేదు. ఆఖరి పొద్దు దొడ్డదిబ్బ అవతల ఉండే చెలిమ ఒకటి మిగిలింది. ఆ పక్కన మిగతావన్నీ ఎండిపోయినాయి. ముందర చెలిమ ఉండాది కదా అని దారిలోనే ఇద్దరూ సీసాలు ఖాళీ చేసుకోని దిబ్బ దిగినారు.

ముందర వంగింది సువార్త. వంగినామె అట్లనే ఉండిపోయింది. మీరావలి పక్కకు వచ్చి చూసినాడు. నీళ్ళలోంచి ఒక తల వాళ్ళను చూస్తాండాది. తెల్లని మెడ, నల్ల టోపీ, పసుపు డాలు కన్ను. మూడేండ్ల కిందట గడ్డిలోంచి తనను చూసిన చూపే అది.

"దేవునికి స్తోత్రం," అనింది సువార్త, గొంతులోనే.

మీరావలికి కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. చెలిమలో పడతాయేమోనని ఎనక్కు జరిగినాడు.

"అన్నా, నువ్వు దిబ్బ అవతల పెట్టిన బండి తీసుకోని పో. సిగ్నల్ దొరికిన కాడ సారుకు ఫోన్ చెయ్. దొరక్కపోతే కణేకల్ ఆఫీసు దాకా పోయి పిలుచుకోని రా. నేను ఈడనే ఉంటా. దీన్ని ఏ జీవమూ ముట్టుకోకుండా చూడల్ల."

"మీకు నీళ్ళు?"

సువార్త చెలిమ పక్క చూసి నవ్వింది. "ఇవి తాగితే నా మొగం పడుతుంది. నా మొగం చూపిస్తే పచ్చ గుర్తు ఇయ్యరన్నా. పో, బిర్రున పో."

మీరావలి పోయినాడు. కాలవ వంతెన కాడ సిగ్నల్ దొరికింది గానీ గంగాధరప్ప ఫోన్ ఎత్తలేదు. కణేకల్ పోతే సారు మీటింగులో ఉండాడన్నారు. బయట బెంచీ మీద కూర్చున్న మీరావలికి ఎండను చూసినకొద్దీ ఆయమ్మే గుర్తుకొచ్చింది. గంగాధరప్ప బయటికి వచ్చేసరికి పొద్దు నడినెత్తి దాటింది. ఆయన చెడ్డోడు కాదు, అలిసిపోయిన మనిషి.

"మేకా, పిట్టా? సరిగ్గా చెప్పు మీరావలీ."

"పిట్ట సార్. రెక్కలుండేది."

జీపు దిబ్బ దాకా పోయింది, ఆడి నుంచి నడక. దిబ్బ ఎక్కి చూస్తే కింద సువార్త కనిపించింది. చెలిమ నీళ్ళు ఎండకు ఇగిరిపోకుండా చున్నీని రెండు చేతులతో పైకెత్తి పందిరి పట్టుకోని కూర్చోనుండాది. నీడ నీళ్ళకు పట్టి, తను ఎండలో కూర్చునింది. మొగం కందిపోయింది, పెదాలు పగిలిపోయినాయి. కాళ్ళ ముందరే నీళ్ళు పెట్టుకోని దప్పికతో అట్ల కూర్చున్న మనిషిని మీరావలి యాడా చూల్లేదు. ఆయప్పకు ఆయమ్మ కాళ్ళు మొక్కాలనిపించింది. ఆ పక్కనే తుమ్మచెట్టు కింద చిన్నక్క మేకలు నిలబడుండాయి. చిన్నక్క ఊర్లో మేకలు కాసుకునే ముసలామె. మధ్యాన్నం నీళ్ళకని మేకల్ని తోలుకొస్తే సువార్త ఆపింది. "సారు వచ్చేదాకా ఈ నీళ్ళు ఎవురూ ముట్టుకోగూడదు అవ్వా," అని చెప్పింది.

దిబ్బ దిగేటప్పుడు గంగాధరప్ప బూటు ఇసకలో కూరుకోని పక్కకు ఒరిగినాడు. సువార్త చున్నీ వదిలి, తూలుకుంటానే ఎదురొచ్చి చెయ్యి అందించింది. ఇంగో పక్క మీరావలి పట్టుకున్నాడు. ఆ కాస్త సేపే. ముగ్గురూ చెలిమ కాడికి వచ్చేసరికి చిన్నక్క చెంబుతో నీళ్ళన్నీ తోడేసి, కొంగుతో చేతులు తుడుచుకుంటా నిలబడుండాది.

"రా సామీ. పాత నీళ్ళు తోడేసినా. ఇప్పుడు తేటవి ఊరుతాండాయి. చల్లగా తాగుదువు రా."

సువార్త గుంతలోకి చూసింది. అడుగున తడి ఇసక, దాంట్లో కొత్తగా చెమరిస్తాండే నీళ్ళు. మొగం లేదు.

"ఎవురూ ముట్టుకోగూడదని చెప్పినా గదా అవ్వా," అనింది. గొంతు ఎండి ఆ మాట సరిగ్గా బయటికే రాలేదు.

"సారు వచ్చేదాకా అంటివి. సారు వచ్చె గదా," అనింది చిన్నక్క. "నక్కలూ పిట్టలూ మూతి పెట్టిన నీళ్ళు సారుకు పోస్తామా పాపా? మర్యాద ఉండొద్దా?"

చిన్నక్కను తప్పు పట్టేది ఎట్ల? చెలిమ కాడికి పెద్దమనిషి వస్తే పాత నీళ్ళు తోడేసి, ఊరిన నీళ్ళు ఇచ్చేది ఆ పక్క మర్యాద. చిన్నక్క వాళ్ళమ్మా అట్లనే చేసింది, వాళ్ళవ్వా అట్లనే చేసింది. సువార్త ఇసకలో కూలబడిపోయింది. ఏడుద్దామన్నా ఒంట్లో నీళ్ళు లేవు. మీరావలికి మేకుకు వేలాడే నీలం చొక్కా కండ్ల ముందర ఆడింది.

"ఏం చేద్దాం మేడం," అన్నాడు గంగాధరప్ప, నిజంగానే బాధపడి. "మీ మాట మీద నాకు అనుమానం లేదు. చూడంది చూసినానని మాత్రం సంతకం పెట్టలేను."

"పెట్టొద్దు సార్," అనింది సువార్త. "నేనైనా పెట్టను."

మీరావలి తలకాయ వంచుకోని ఇసకను చూస్తా నిలబడినాడు. ఇసక తెల్లగా, పొడిగా ఉండాది. చెలిమ చుట్టూ యాడ చూసినా పొడిగానే ఉండాది. అన్ని నీళ్ళు తోడి పోస్తే తడి కనపడల్ల గదా.

"చిన్నక్కా, తోడిన నీళ్ళు యాడ పోసినావు?"

"పోసేదేంది, నీ తలకాయ? ఈ కరువు సీమలో నీళ్ళు పారబోసేటోళ్ళు ఉండారా ఎవురన్నా? బిందెలో పెట్టినా, మేకపిల్లలకు."

మీరావలి తుమ్మచెట్టు పక్క చూసినాడు. చెట్టు కింద పచ్చ ప్లాస్టిక్ బిందె ఉండాది. దాని అంచు మీద ముందరి కాళ్ళు పెట్టి ఒక మేకపిల్ల మూతి లోపలికి దించుతాండాది. ఆ వయసులో ఆయప్ప అట్ల పరిగెత్తగలడని ఆయప్పకే తెలవదు. బిందె ఒరగకుండా ఒక చేత్తో పట్టుకోని, ఇంగో చేత్తో మేకపిల్లను చంకలోకి ఎత్తుకున్నాడు. దాని మూతి నీళ్ళను ఇంకా తాకలేదు. ఒకసారి మేక నోట్లో పోయిన పిట్టను రెండోసారి పోనిచ్చేది లేదని మేకపిల్లను గట్టిగా అదుముకున్నాడు.

"సార్, రండి. మెల్లగా రండి, నీళ్ళు కదులుతాయి."

గంగాధరప్ప వచ్చి, మోకాళ్ళు నొప్పి అని గూడా చూడకుండా ఇసకలో కూర్చోని, బిందెలోకి వంగినాడు. నీళ్ళు ఊగినాయి, సర్దుకున్నాయి. తెల్లని మెడ, నల్ల టోపీ, పసుపు డాలు కన్ను. ఆయన నెత్తి మీద టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మా నాయన చిన్నప్పుడు చూసినానని చెప్తాండె," అన్నాడు కడాకు. "నేను నమ్మలేదు."

మళ్ళా ఉద్యోగం గుర్తుకొచ్చి సువార్త పక్క తిరిగినాడు. "చెలిమలో చూడాలని గదా మేడం రూలు?"

"చెలిమ నీళ్ళలో అని ఉండాది సార్. చెలిమ గుంతలో అని లేదు. ఇవి ఆ చెలిమ నీళ్ళే. తోడేటప్పుడు మనం ముగ్గురం పది అడుగుల దూరంలో ఉండాం."

గంగాధరప్ప ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, తప్పు దొరకలేదు. సంతకం పెట్టినాడు. సువార్త పెట్టింది. మీరావలి చంకలో మేకపిల్ల అరుస్తానే ఉండాది.

"ఇంగ ఆ పసిదాన్ని వదులప్పా," అనింది చిన్నక్క. "ఏమి పాపం చేసింది అది?"

వదిలితే అది నేరుగా పోయి బిందెలో మూతి పెట్టి తాగింది. పిట్ట పోయి మేక మొగం పడింది. గంగాధరప్ప చూసి, "ఇప్పుడు ఆఫీసుకు ఫోన్ చెయ్ మీరావలీ, మేక కనిపించిందని," అన్నాడు. మూడేండ్లలో ఆ ఎగతాళికి మీరావలి నవ్వింది అప్పుడే.

మీరావలి జీపులోంచి తెచ్చిన సీసా తీసి సువార్తకు ఇచ్చినాడు. చిన్నక్క పడనీలేదు. "ఆ కాగిన నీళ్ళు ఏంటికి పాపా? నీ కోసమే ఊరినట్ల ఊరుండాయి చూడు," అని చెలిమ చూపించింది. నిజమే, ఈ లోపల గుంతలో తేట నీళ్ళు నిండినాయి. సువార్త చున్నీ నడుముకు చుట్టుకోని, గడ్డి కోసం పడుకున్నట్లే నీళ్ళ కోసమూ బోర్లా పడుకునింది. మూతి పెట్టి, ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా తాగింది. చిన్నక్క పక్కన కూర్చోని ఈపు నిమురుతా, "నిదానం తల్లీ, నిదానం. యాడికీ పోవు," అంటాండాది.

ఇసకబీడుకు పచ్చ గుర్తు పడింది. ఒక్క పిట్ట వల్లనే కాదు, ఆ గడ్డి మొదళ్ళ గురించి, మన్ను గురించి, మిడతల గురించి సువార్త రాసింది చదివి పైవాళ్ళు గూడా ఒప్పుకున్నారంట. బెంగళూరు గేటుకు ఇంగెవురో కుదురుకున్నారు. నీలం చొక్కా మేరాజ్ బీ కత్తిరించి, చెలిమ నీళ్ళు వడగట్టను గుడ్డ చేసుకునింది. మంచి బట్ట, ఇసక రేణువు గూడా కిందికి దిగదని వచ్చినోళ్ళకంతా చెప్తాంటాది.

అవన్నీ తర్వాతి మాటలు. ఆ పొద్దు జీపు పోయినాక, మేకలు ఊరి దావ పట్టినాక, మీరావలి మాత్రం దొడ్డదిబ్బ మీద ఉండిపోయినాడు. ఎండ మెత్తబడింది. గడ్డి అవతల నుంచి అది నడుచుకుంటా వచ్చింది, నిదానంగా, పంచాయితీకి వచ్చే పెద్దాయన మాదిరే. ఇసకలో మనుషుల అడుగులన్నీ చూసి ఒక తూరి నిలబడిపోయింది. ఇంతమంది తొక్కిన చోటికి మళ్ళా రాదేమో అనుకున్నాడు మీరావలి.

వచ్చింది. చెలిమ కాడ మెడ వంచింది. నీళ్ళలో దానికి కనపడేది సువార్త మొగమే గదా. కందిపోయిన మొగం, పగిలిన పెదాలు. పిట్ట ఆ మొగాన్ని శానాసేపు చూసింది. బెదరలేదు. ముక్కు దించి తాగింది.